యాభై రోజుల పోస్టరు, ఇంట్లో టీవీ

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం. మూడు ఊళ్లూ ఒకే రైలు దారిలో ఉన్నాయి. ధర్మవరంలో బెంగళూరు రైలెక్కితే ముందు పెనుకొండ వస్తుంది. తర్వాత హిందూపురం. హిందూపురంలో ఎక్కేవాళ్లు ఆ లెక్క చూసుకునే ఇంట్లోంచి బయల్దేరతారు. రైలు కాస్త ఆలస్యమైతే సర్దుకుంటాం. అసలు ఎప్పుడొస్తుందో తెలియకపోతే మాత్రం, స్టేషన్‌కు పోవాలా వద్దా అన్నదే తేలదు.

కొత్త సినిమా విషయంలో ఇవాళ మన ఇళ్లలో అదే జరుగుతోంది. శుక్రవారం సినిమా విడుదలవుతుంది. పిల్లలు హాలుకు పోదామంటారు. "ఎందుకు? కొన్నాళ్లు ఆగితే ఇంట్లోనే వస్తుంది కదా" అంటారు పెద్దవాళ్లు. ఎన్నాళ్లు ఆగాలి? మూడు వారాలా? రెండు నెలలా? ఎవరికీ తెలియదు. హాలు నడిపే మనిషికి కూడా చాలాసార్లు తెలియదు.

ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. సినిమా హాల్లో విడుదలైన రోజుకూ, మన ఇంటి తెర మీదికి వచ్చే రోజుకూ మధ్య ఒక గడువు ఉండాలి. ఆ గడువు అందరికీ ఒకటే కావాలి. అది ముందే తెలియాలి. ఎనిమిది వారాలు చాలు.

గడువు ఎందుకని అడుగుతారు. పట్టుపురుగులు పెంచే రైతును అడగండి, ఆయనే చెప్తాడు. పురుగు చంద్రికల్లో గూడు అల్లుకుంటుంది. ఐదారు రోజులకు గూళ్లు ఏరి హిందూపురం మార్కెట్టుకు తెస్తారు. తేకుండా ఇంట్లోనే పెట్టుకుంటే ఏమవుతుంది? లోపలి పురుగుకు రెక్కలొస్తాయి. గూడు తొలుచుకుని బయటికి వస్తుంది. చిల్లుపడ్డ గూటి నుంచి పొడుగు దారం రాదు. అంటే ఆ గూటికి విలువ ఉండేది కొద్ది రోజులే. రైతు పడ్డ కష్టమంతా ఆ కొద్ది రోజుల్లోనే చేతికి రావాలి.

హాల్లో సినిమాకు కూడా అంతే. దానికి కొన్ని వారాలే ఆయుష్షు. అది టీవీలోకి వచ్చిందంటే, హాలు వరకు గూటికి చిల్లుపడ్డట్టే. నిన్నటిదాకా టికెట్టు కొన్న మనిషి ఇవాళ కొనడు. మరి ఆ రోజు ఎప్పుడొస్తుందో ముందే తెలియకపోతే, హాలతను ఏ లెక్కన బతకాలి?

ఇందులో ఇంకో సంగతి ఉంది. బయట చాలామందికి తెలియదు. పర్సంటేజీ మీద నడిచే హాళ్లలో మొదటి వారం వసూళ్లలో పంపిణీదారు వాటా ఎక్కువగా ఉంటుంది. వారాలు గడిచేకొద్దీ హాలు వాటా పెరుగుతుంది. మూడో వారం, నాలుగో వారం, ఐదో వారం. హాలుకు నాలుగు రూపాయలు మిగిలేది అప్పుడే. సరిగ్గా అప్పుడే సినిమా ఇంటి తెరకెక్కితే, ఆ నాలుగు రూపాయలు పోతాయి. హాలంటే యజమాని ఒక్కడే కాదు. టికెట్టు చించే మనిషి ఉన్నాడు. ప్రొజెక్టర్ ఆపరేటరు ఉన్నాడు. బండ్ల స్టాండు కుర్రాడున్నాడు. ఇంటర్వెల్లో బొరుగులూ వేరుశనక్కాయలూ అమ్మే అవ్వ ఉంది. సెకండ్ షో వదిలేసరికి వచ్చి నిలబడే ఆటో ఉంది.

ధర్మవరం శ్రోతలకు ఇంకా దగ్గరగా చెప్తాను. ఒక నేతన్న కొత్త అంచు డిజైను వేశాడనుకోండి. జాకార్డుకు అట్టలు కొట్టించాడు. మగ్గం గుంటలో కూర్చుని రోజుల తరబడి నేశాడు. చీర అంగట్లోకి వచ్చిన వారానికే అదే అంచు, అదే రంగు, మరమగ్గం మీద తయారై సగం ధరకు వచ్చేస్తే? ఇది నేను ఊహించి చెప్తున్నది కాదు. మన నేతన్నలకు తెలిసిన బాధే. అందుకే 1985లో పార్లమెంటు చేనేత రిజర్వేషన్ చట్టం చేసింది. దాని కింద ఇప్పుడు 11 రకాల బట్టలు చేమగ్గానికే కేటాయించి ఉన్నాయి. అందులో చీర ఉంది. చట్టం వచ్చినా నకిలీ ఆగలేదు. నిజమే. కానీ నేతన్న ఫిర్యాదు చేయడానికి ఒక చోటుంది. తీసి చూపించడానికి ఒక కాగితముంది. సినిమా హాలుకు ఆ కాగితం కూడా లేదు.

ఒకప్పుడు కాగితంతో పని లేకపోయింది. ఎందుకంటే గడువు దానంతటదే ఉండేది.

మన ప్రాంతాన్ని సినిమా వ్యాపారంలో సీడెడ్ అంటారు. 1800లో నిజాము తెల్లవాళ్లకు ఇచ్చేసిన జిల్లాలని ఆ పేరు. జనం ఎప్పుడో మరిచిపోయారు. సినిమావాళ్ల నోట్లో మాత్రం ఇంకా బతికే ఉంది. ఆ రోజుల్లో ప్రింట్లు తక్కువ. సినిమా ముందు పెద్ద ఊళ్లలో ఆడేది. వాటిని ఎ సెంటర్లనేవాళ్లు. అక్కడ ఆడాక బి సెంటరు. ఆ తర్వాత సి సెంటరు. అదయ్యాక పల్లెల్లో టూరింగ్ టాకీసు. రీళ్ల డబ్బాలు ఊరి నుంచి ఊరికి తిరిగేవి. పెద్ద ఊళ్లో సినిమా చూసొచ్చిన చుట్టం కథ చెప్పేవాడు. చిన్న ఊరి జనం నోరు తెరుచుకుని వినేవాళ్లు. సినిమా తమ ఊరికొచ్చేదాకా ఎదురుచూసేవాళ్లు.

గోడల మీద పోస్టర్లు గుర్తున్నాయా? 25 రోజులు. 50 రోజులు. 100 రోజులు. యాభై రోజుల పోస్టరు పడిందంటే ఆ సినిమా నిలబడ్డట్టు. ఎనిమిది వారాలంటే ఎంత? 56 రోజులు. పాత యాభై రోజుల పోస్టరుకు పైన ఆరు రోజులు. నేనడిగే గడువు అంతే. కొత్తగా కనిపెట్టిందేమీ కాదు.

తర్వాత టీవీ వచ్చింది. హైదరాబాదు దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైంది. ఎనభైల్లో శనివారం సాయంత్రమంటే తెలుగు సినిమా. ఆదివారం సాయంత్రమంటే హిందీ సినిమా. టీవీ ఉన్న ఇల్లు వీధికొకటి. ఆ ఇంటి గడప ముందు వీధి వీధంతా విడిచిన చెప్పులే. ఆ పూట హాల్లో జనం పలచబడేవాళ్లు. అయినా హాలు తట్టుకుంది. రెండు కారణాలు. ఒకటి, టీవీలో వచ్చేది పాత సినిమా. రెండు, అది తెలిసిన పూట. శనివారం శనివారమే. అందరూ దానికి తగ్గట్టు సర్దుకున్నారు.

తెలిసిన పూట అన్నాను కదా. ఫ్రాన్సు దేశం దాన్ని చట్టంగానే రాసుకుంది. 1990లో అక్కడి ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. మామూలు టీవీ చానళ్లు బుధవారం రాత్రి సినిమా వేయకూడదు. శుక్రవారం రాత్రి వేయకూడదు. శనివారం రోజంతా వేయకూడదు. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర దాకా వేయకూడదు. ఎందుకీ రోజులే? అక్కడ కొత్త సినిమాలు బుధవారం విడుదలవుతాయి. వారం చివర జనం హాళ్లకు పోతారు. ఆ పూటలు హాళ్లకు వదిలేయమన్నారు. ముప్పై ఏళ్లు అలా నడిచింది. 2020 ఆగస్టులో ఆ కట్టు సడలించారు. కానీ విడుదలకూ టీవీకీ మధ్య గడువు మాత్రం అలాగే ఉంచారు. 2022లో కుదిరిన ఒప్పందం ప్రకారం, డబ్బు కట్టకుండా చూసే టీవీలో సినిమా రావాలంటే 22 నెలలు ఆగాలి. మనకు 22 నెలలు అక్కర్లేదు. అది మరీ ఎక్కువ. మంచం దిగలేని తాతకు రెండేళ్లు ఆగమని ఎవరు చెప్పగలరు? మనకు కావలసింది ఎనిమిది వారాలు.

మన దగ్గర ఏం జరిగిందో చూడండి. 2020లో కరోనా వచ్చి హాళ్లు నెలల తరబడి మూతపడ్డాయి. ఆ సెప్టెంబరులో 'వి' అనే సినిమా హాలు మొహం చూడకుండానే నేరుగా ఓటీటీలోకి వచ్చింది. అప్పుడు వేరే దారి లేదు. ఎవరినీ తప్పుపట్టలేం. కానీ హాళ్లు తెరిచాక ఆ అలవాటు పోలేదు. 'వకీల్ సాబ్' 2021 ఏప్రిల్ 9న విడుదలైంది. అదే నెల 30న ఇంటి తెరకొచ్చింది. మూడు వారాలు. 'పుష్ప' మొదటి భాగం డిసెంబరు 17న విడుదలైంది. జనవరి 7న ఇంటికొచ్చింది. మళ్లీ మూడు వారాలు. హాల్లో జనం ఇంకా ఈలలు వేస్తుండగానే ఇంట్లో సినిమా. ఆ రెండిటి మధ్యలో, 2021 సెప్టెంబరు 10న 'టక్ జగదీష్' నేరుగా ఓటీటీలో వచ్చింది. హాల్లో రావలసిన ఇంకో సినిమాకు కూడా అదే తేదీ అనుకుని ఉన్నారు. తెలంగాణ హాళ్ల యజమానులు గట్టిగా అడ్డుచెప్పారు. కొన్నాళ్లు పత్రికల నిండా అదే గొడవ.

ఓటీటీ వేరు, టీవీ చానల్ వేరు కదా అనవచ్చు. కాగితం మీద వేరే. ఇంట్లో కూర్చుని చూసేవాళ్లకు ఏం తేడా? అదే గోడ, అదే తెర, అదే రిమోటు. అందుకే నేను రెండిటినీ కలిపి ఇంటి తెర అంటున్నాను.

2022 ఆగస్టు 1న తెలుగు నిర్మాతలు షూటింగులే ఆపేశారు. ఖర్చులు, టికెట్ల ధరలు, ఓటీటీ, అన్నిటి మీదా కూర్చుని మాట్లాడుకున్నారు. అప్పుడే ఒక నిర్ణయం చేశారు. హాల్లో విడుదలైన ఎనిమిది వారాల తర్వాతే ఓటీటీ. అవును, ఎనిమిది వారాలన్నది వాళ్ల నోటి మాటే. నాది కాదు. మంచి నిర్ణయం. కానీ నిలబడలేదు. నాలుగు వారాలకే వచ్చేసిన సినిమాలు ఆ తర్వాత ఎన్నో ఉన్నాయి. ఓటీటీ వాళ్లు త్వరగా ఇస్తే ఎక్కువ డబ్బిస్తామంటారు. అప్పు తెచ్చి సినిమా తీసిన నిర్మాత కాదనలేడు. ఆయన్ని దుర్మార్గుడనలేం. వడ్డీ నెత్తిన కూర్చున్నవాడు పంటను కల్లంలోనే అమ్ముకుంటాడు. మన రైతుకు తెలియదా ఆ సంగతి?

ఆగితే నష్టమా? ఆగినవాళ్లను చూడండి. హిందూపురం ఎమ్మెల్యే బాలకృష్ణ గారు నటించిన 'అఖండ' 2021 డిసెంబరు 2న విడుదలైంది. జనవరి 21న ఇంటి తెరకొచ్చింది. లెక్కపెడితే సరిగ్గా 50 రోజులు. పాత పోస్టరు లెక్క! వెంకటేశ్ గారి 'సంక్రాంతికి వస్తున్నాం' 2025 జనవరి 14న విడుదలైంది. మార్చి 1 సాయంత్రం ఆరు గంటలకు టీవీలోనూ ఓటీటీలోనూ ఒకేసారి వచ్చింది. 46 రోజులు. హాల్లో ఆడాల్సినంతా ఆడాక, ఇంటిల్లిపాదీ ఒక పూట కూర్చుని చూశారు. హాలుకూ దక్కింది, ఇంటికీ దక్కింది.

అయితే చట్టం టీవీని ఆగమని చెప్పగలదా? చెప్పగలదు. ఇప్పటికే చెప్తోంది.

పెద్దలకు మాత్రమే అన్న సర్టిఫికెట్టున్న సినిమాను ఉన్నది ఉన్నట్టు టీవీలో వేయకూడదు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, అలాంటి సినిమాకు టీవీ కోసం వేరే సర్టిఫికెట్టు ఉండాలన్నారు. 2012 ఏప్రిల్ 22న 'డర్టీ పిక్చర్' అనే హిందీ సినిమాను ఒక చానల్ మధ్యాహ్నం వేస్తానని ప్రకటించింది. రాత్రి 11 దాటాకే వేయమని కేంద్రం చెప్పింది. ఆ మధ్యాహ్నం ఆ సినిమా రాలేదు.

ఎన్నికలప్పుడూ అంతే. హిందూపురం వాళ్లకు సినిమాకూ ఓటుకూ ఉన్న చుట్టరికం కొత్తగా చెప్పాలా? ఎన్.టి. రామారావు గారిని 1985లో, 1989లో, 1994లో గెలిపించిన ఊరు అది. పోలింగు ముగిసే వేళకు ముందు 48 గంటలు ఎన్నికల సంగతులేవీ సినిమాగా గానీ టీవీలో గానీ చూపకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టంలో 126వ సెక్షన్ ఉంది. 2019 ఏప్రిల్ 10న, మన రాష్ట్రంలో పోలింగుకు ఒక్కరోజు ముందు, ఎన్నికల సంఘం రాజకీయ నాయకుల జీవితకథల సినిమాలను ఎన్నికలయ్యేదాకా ఆపమంది. అందులో రామారావు గారి మీద తీసిన 'లక్ష్మీస్ ఎన్టీఆర్' కూడా ఉంది. పిల్లల కోసం గడియారం చూశాం. ఓటరు కోసం క్యాలెండరు చూశాం. హాలు మీద బతికేవాళ్ల కోసం మాత్రం ఏదీ చూడలేదు.

హాలు మీద మాత్రం ఎన్ని కట్టుబాట్లో! లైసెన్సు కావాలి. రోజుకు ఎన్ని షోలో ప్రభుత్వం చెప్తుంది. టికెట్టు ఎంతో ప్రభుత్వం చెప్తుంది. 2021 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 35 గుర్తుందా? పంచాయతీ ఊళ్లలో ఏసీ లేని హాల్లో అన్నిటికన్నా తక్కువ టికెట్టు 5 రూపాయలన్నారు. 2022 మార్చిలో ధరలు మార్చారు. ఐదో షోకు ఒప్పుకుని, రోజుకొక ఆట చిన్న సినిమాకు ఇవ్వమన్నారు. గంటగంటకూ లెక్క. కానీ అదే సినిమా ఇంటి తెరకు ఏ రోజున పోవాలన్నది ఎవరి పుస్తకంలోనూ లేదు. అది నిర్మాతకూ, కొనుక్కున్న కంపెనీకీ మధ్య ఒప్పందం. హాలతను వార్తల్లో చదివి తెలుసుకోవాలి.

దీనికి కారణముంది. రాజ్యాంగంలో సినిమా హాళ్లు రాష్ట్రం జాబితాలో ఉన్నాయి. ప్రసారాలు కేంద్రం జాబితాలో ఉన్నాయి. హాలుకు అమరావతి పెద్ద. టీవీకి ఢిల్లీ పెద్ద. ఇద్దరు పెద్దలూ ఎదురెదురుగా కూర్చుని ఈ సంగతి మాట్లాడుకోలేదు.

మరి సినిమావాళ్లే కట్టుబాటు పెట్టుకోవచ్చు కదా? పెట్టుకున్నా నిలవడం కష్టం. వ్యాపారంలో పోటీ దెబ్బతినకుండా చూసే పోటీ కమిషన్ 2012లో కొన్ని సినిమా సంఘాలకు జరిమానాలు వేసింది. టీవీ, డీవీడీ హక్కులు ఇన్నాళ్లదాకా వాడకూడదని సంఘం తనంతట తాను నిర్మాతను కట్టేయడం కూడా అక్కడ తప్పుగా తేలింది. కమిషన్ చెప్పిందాంట్లో న్యాయముంది. బలమున్న సంఘం బలం లేని నిర్మాతను అణచకూడదు. అందుకే ఈ గడువు సంఘం నోట కాదు, చట్టం నోట రావాలి. టీవీ చానళ్లకు 1994 నాటి కేబుల్ టీవీ నిబంధనలున్నాయి. ఓటీటీకి 2021 నాటి ఐటీ నిబంధనలున్నాయి. రెండూ కేంద్రం చేతిలోవే. రెండిట్లోనూ ఒక్కొక్క వాక్యం చేరిస్తే చాలు. హాల్లో విడుదలైన సినిమా ఎనిమిది వారాలకు ముందు ఇంటి తెర మీద రాకూడదు. అందరికీ ఒకటే. ముందే తెలిసేలా.

ఒక మినహాయింపు మాత్రం ఉండాలి. చిన్న సినిమాలున్నాయి. శుక్రవారం వస్తాయి. గురువారానికి హాల్లోంచి తీసేస్తారు. అలాంటి సినిమాను మిగిలిన ఏడు వారాలు పెట్టెలో పెట్టడం ఎవరికీ మేలు కాదు. ఫ్రాన్సులో కూడా టికెట్లు తక్కువ తెగిన సినిమా వీడియోలో కాస్త ముందే రావచ్చు. మనమూ అలా చేయవచ్చు. అన్ని హాళ్లూ తీసేసిన సినిమాకు నాలుగు వారాలు చాలు.

ఇంట్లోనే చూసేవాళ్ల మాట కూడా చెప్పాలి. నేను టీవీకి శత్రువును కాను. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసే కుర్రాడికి ఫస్ట్ షో కుదరదు. చంటిబిడ్డ తల్లికి మూడు గంటలు హాల్లో కుదరదు. మగ్గం మీది చీర కోసుకుంటే గానీ చేతికి డబ్బు రాని ఇంట్లో, నలుగురికీ టికెట్లు కొనడం కుదరదు. వాళ్లందరికీ టీవీయే సినిమా హాలు. వాళ్లకు సినిమా రావాలి. తప్పకుండా రావాలి. తేదీ తెలిస్తే వాళ్లకూ మేలే. సంక్రాంతికి వచ్చిన సినిమా మార్చిలో ఫలానా రోజున వస్తుందని గోడ మీది క్యాలెండర్లో గుర్తు పెట్టుకుంటారు. ఆ పూట ఉగ్గానీ బజ్జీ చేసుకుని, పక్కింటివాళ్లను కూడా పిలుస్తారు.

హాలు మూతపడితే మళ్లీ తెరవడం తేలిక కాదు. మన రాష్ట్రంలో ఒకప్పటి హాళ్లు ఎన్నో ఇవాళ కల్యాణ మండపాలు. కొన్ని గోడౌన్లు. ఒకసారి కుర్చీలు పీకేశాక, లోపల బియ్యం మూటలు పేర్చాక, అక్కడ మళ్లీ తెర కట్టినవాళ్లు అరుదు.

చివరిగా ఒక మనవి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ హిందూపురం లోక్‌సభ నియోజకవర్గంలోనే ఉన్నాయి. అంటే మన మూడు ఊళ్లకూ ఢిల్లీలో ఒక్కరే సభ్యుడు. ప్రసారాల మంత్రిని సభలో ప్రశ్న అడిగే హక్కు ఆ సభ్యుడికి ఉంది. హాలు నడిపేవాళ్లు, హాల్లో పనిచేసేవాళ్లు, సినిమా అంటే ఇష్టమున్న మీరు, తలా ఒక కార్డు ముక్క రాయండి. ఎక్కువ రాయక్కర్లేదు. ఎనిమిది వారాలు, అందరికీ ఒకటే, ముందే తెలియాలి. ఈ మూడు ముక్కలు రాసి, కింద మీ ఊరి పేరు పెట్టండి.